ఏడున్నర ఏడుపు

టీవీ సీరియల్ చూసి ఏడ్చేవాళ్లను ఎవరైనా వెక్కిరిస్తే నేను ఊరుకోను. ముందే చెబుతున్నాను. సీరియల్ ఈ దేశానికి దొరికిన వరం. తాగునీటి కన్నా ముఖ్యం.

మా కాలనీనే తీసుకోండి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, పొలాలను ప్లాట్లు చేసి, ప్లాట్లకు పూల పేర్లు పెట్టిన చోట మేం ఉంటాం. నీళ్ల ట్యాంకర్ వారం రాకపోయినా మావాళ్లు ఓర్చుకుంటారు. కేబుల్ కాసేపు పోతే స్తంభం ఎక్కుతారు!

నవ్వుతున్నారా? నవ్వండి. మీకు మనసు లేదు.

సీరియళ్లు లేని రోజుల్లో ఈ మనుషులు ఎలా ఉండేవాళ్లు? ఒకరి ఇంటి సంగతి ఒకరు అడిగేవాళ్లు. పక్కింట్లో ఏం కూర, ఎదురింట్లో ఏం గొడవ, మూలింటి ముసలాయనకు మోకాలు ఎలా ఉంది. ఎంత అసభ్యం! ఇప్పుడు ఎవరూ ఎవరి జోలికీ పోరు. అందరూ కలిసి ఒకే ఇంటి సంగతి పట్టించుకుంటారు. ఆ ఇంటి మధ్యలో పెద్ద మెట్లుంటాయి. ఆ ఇంటి ఆడవాళ్లు పట్టుచీర కట్టుకునే నిద్రపోతారు. ఆ ఇంటి చిన్న కోడలి పేరు హిమజ.

హిమజ ఎవరో తెలియని పాఠకుడు ఉంటే అతనికి నా నమస్కారం. ఏ అడవిలో ఉంటాడో చెబితే నేనూ వస్తాను. హిమజ ఏడున్నర సీరియల్‌లో కోడలు. మంచిది. ఎంత మంచిదంటే, తోటికోడలు చెంప మీద కొడితే "నీ చెయ్యి నొప్పి పుట్టిందా అక్కా?" అని అడుగుతుంది. ఆ తోటికోడలు చాలాకాలంగా హిమజను చంపాలని చూస్తోంది. గ్యాస్ సిలిండర్ అయింది. కారు బ్రేకులు అయ్యాయి. పాపం, పట్టుదల గల మనిషి. జీడిమెట్లలో నేను పనిచేసిన కంపెనీలో ఒక్క మేనేజర్‌కైనా అంత పట్టుదల ఉంటే అది మూతపడేది కాదు.

ఇక మావాళ్ల దయ చూడండి.

మా ఎదురింటి జయమ్మ. హిమజను ఇంట్లోంచి వెళ్లగొట్టిన రోజు ఆమె పొయ్యి వెలిగించలేదు. భర్త నగేష్ డ్యూటీ దిగి వచ్చి అన్నమేదని అడిగాడు.

"ఆ పిల్ల వానల నిలవడ్డది. నీకు బువ్వ గావాల్నా? అసలు మనిషివేనా నువ్వు?"

మనిషి కాని నగేష్ బస్టాండుకు పోయి మిర్చిబజ్జీలు తిన్నాడు. మర్నాటి నుంచి అతనూ సీరియల్ చూస్తున్నాడు. హిమజ ఆ ఇంటికి తిరిగొస్తేనే ఈ ఇంట్లో వంట అవుతుందని తెలిసింది మరి!

పక్కింటి తారాబాయి ఇంకా గట్టిది. సీరియల్‌లో తోటికోడలు చేసే పనులు చూసి, తన సొంత తోటికోడలితో మాట మానేసింది. ఆ అమాయకురాలు యాప్రాల్‌లో ఉంటుంది. ఫోన్ చేసి "నేనేం జేసిన అక్కా?" అని ఏడ్చింది.

"ఇంకా ఏం జెయ్యలే. జేస్తవని ముందే జాగర్తవడ్డ" అని తారాబాయి ఫోన్ పెట్టేసింది.

చూశారా, ముందుచూపు! పోలీసులకు ఉందా ఇది?

వెనకింటి ప్రిస్కిల్లా ఇంకో మెట్టు ఎక్కింది. చర్చిలో ప్రార్థన కూటం జరుగుతుంటే లేచి, హిమజ అనే సహోదరి ప్రాణాపాయంలో ఉందని విన్నవించింది. పాస్టరుగారు మోకాళ్లూని, చెమటలు పట్టేలా ప్రార్థించారు. తర్వాత ఏ ఊరమ్మా, ఏ ఆస్పత్రిలో ఉందమ్మా, పోయి చూసొద్దాం అన్నారు.

"పోయేదేం లేదయ్యగారూ. ఆమెనే వస్తది, ఏడున్నరకు."

పాస్టరుగారు ఏమంటారు? పక్కన ఆయన భార్య అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది!

ఈ దయను నేను దగ్గరి నుంచి చూసినవాణ్ని. పోయిన ఏడాది నా భార్య సుక్కమ్మ పోయింది. కాలనీ అంతా వచ్చింది. చాపల మీద కూర్చున్నారు. ముఖాలు దిగులుగా పెట్టారు. ఏడు దాటాక ఒక్కొక్కరే గోడ గడియారం వైపు చూశారు. ఇంకాసేపటికి అందరికీ ఒకేసారి పిల్లల హోంవర్క్ గుర్తొచ్చింది. పిల్లలు లేనివాళ్లకు కూడా!

నేను తప్పుపట్టలేదు. సుక్కమ్మ అప్పటికే పోయింది. హిమజ ఇంకా పోలేదు. మనిషన్నవాడు ఎవరి దగ్గర ఉండాలి? బతికున్నవాళ్ల దగ్గరే కదా!

మొన్న శుక్రవారం సుక్కమ్మ ఏడాది. ఇల్లిల్లూ తిరిగి పిలిచాను. నాకు ఒకటే కోరిక. నలుగురు మా ఇంట్లో కూర్చుని ఆ పేరు ఒకసారి అనాలి. ఏడాదిగా మా సందులో ఆ పేరు ఎవరి నోటా వినలేదు. నేను అంటే గోడ మీది బల్లి వింటుంది. అదీ పూర్తిగా వినదు.

జయమ్మ మొదట కళ్లనీళ్లు పెట్టుకుంది. "సుక్కత్త యాడాదా? అప్పుడేనా? వస్తం మామా, ఎందుకు రాము! పొద్దుగాలనా, మాపటీలనా?"

"మాపటీల. ఏడు గొట్టంగ."

కళ్లనీళ్లు అక్కడే ఆగిపోయాయి.

"శుక్రారం ఏడుకా? మామా, గా దినమే పాయసంల ఇసం గలుపుతాంది! ఎవలు తాగుతరో సూపిస్తరట. ఎనిమిదికి వస్తే నడ్వదా?"

"కూర సల్లారదా?"

"సల్లగైనా తింటం. సుక్కత్త ఏమనుకోదు."

నిజమే. సుక్కమ్మ ఏమనుకుంటుంది? అనుకునే సౌకర్యం ఆమెకు ఇప్పుడు లేదు. అందరిళ్లలోనూ అదే మాట. ఎనిమిదికి వస్తాం, చల్లగైనా తింటాం. ఇంత సర్దుకుపోయే జనం ఇంకెక్కడైనా ఉన్నారా?

శుక్రవారం పొద్దున్నే శామీర్‌పేట అవతలి ఊరి నుంచి లస్మవ్వ వచ్చింది. సుక్కమ్మకు చిన్నమ్మ, నాకు అత్త వరస. కళ్లు కనిపించీ కనిపించనట్టు ఉంటాయి. ఇంట్లో టీవీ లేదు. కాబట్టి లోకజ్ఞానం లేదు. చచ్చినవాళ్ల కోసమే ఏడవాలనుకునే పాతకాలం మనిషి.

వంటమనిషిని పెట్టి మటన్, వంకాయ, సుక్కమ్మ ఇష్టంగా తినే బొబ్బరి గారెలు చేయించాను. ఏడు కొట్టింది. విస్తరాకులు నన్ను చూస్తున్నాయి, నేను విస్తరాకులను చూస్తున్నాను.

"ఎవలు రారేంది అల్లుడా? మా సుక్కను ఈడ ఎవలు ఎర్కపట్టరా?" అంది లస్మవ్వ.

"వస్తరత్తా. పనుల మీదున్నరు."

"యాడాది నాడు ఇంట్ల ఏడుపు ఇనరావద్దా? నేనొక్కదాన్ని ఎత్తుకుంటే అందుకునేటోళ్లు ఎవలు?"

మా దిక్కు శోకం ఒక్కరు చేసే పని కాదు. ఒకరు ఎత్తుకోవాలి, ఇంకొకరు అందుకోవాలి. పోయినామె చేసిన మేలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పి ఏడవాలి. అందుకునే ఆడమనిషి లేకపోతే శోకం గొంతులోనే ఉండిపోతుంది. నేను అందుకుంటానన్నాను. మగవాళ్ల ఏడుపు చెల్లదంది లస్మవ్వ. లోపలి గదిలోకి పోయి మంచం మీద పడుకుంది.

అప్పుడు ఫట్‌మని చప్పుడైంది. ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. సందు సందంతా చీకటి. మాది మూలమీది ఇల్లు. మాకు కరెంటూ కేబులూ పక్క రోడ్డు నుంచి వస్తాయి. మా ఇంట్లో మాత్రం లైట్లు వెలుగుతున్నాయి.

ఏం చెప్పమంటారు నా అదృష్టం! కాలనీ కాలనీ పరుగెత్తుకుంటూ వచ్చింది. తారాబాయి ఒంటి చెప్పుతో వచ్చింది. నా భార్య మీద ఇంత గౌరవం ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

"మామా, సుక్కత్త యాడాదికి వచ్చినం!" అంది జయమ్మ, రిమోట్ అందుకుంటూ.

సుక్కమ్మ ఫోటో మా టీవీకి సరిగ్గా పైన, గోడకు ఉంటుంది. ఆ రోజు కొత్త దండ వేశాను. అందరూ అటు తిరిగి కూర్చున్నారు. ప్రిస్కిల్లా చేతులు జోడించింది. కిటికీలోంచి చూసినవాడికి ఎంత చక్కటి సంస్మరణ సభ! చూపులు ఒక్క జానెడు కిందికి ఉన్నాయి, అంతే.

సీరియల్ మొదలైంది. తోటికోడలు పాయసంలో విషం కలిపింది. కలిపినట్టు ముందు నుంచి చూపించారు, పక్క నుంచి చూపించారు, పై నుంచి చూపించారు. వంటింట్లో ఉరిమింది. హిమజ గ్లాసు అందుకుంది.

"తాగకు బిడ్డా!" అని జయమ్మ అరిచింది.

సబ్బు అడ్వర్టైజ్‌మెంట్ వచ్చింది. సబ్బు మీంచి కూడా ఎవరూ కళ్లు తిప్పలేదు. మళ్లీ హిమజ. గ్లాసు పెదవి దాకా వెళ్లింది. తారాబాయి వెక్కింది. ప్రిస్కిల్లా ముక్కు చీదింది. జయమ్మ బావురుమంది. ఇల్లంతా ఒక్కసారి ఏడుపు!

లోపలి గదిలో లస్మవ్వ విన్నది. పొద్దున్నుంచి ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తోంది. గోడ తడుముకుంటూ వచ్చింది. ఆడవాళ్ల నడుమ, టీవీకి అడ్డంగా కూలబడింది. జయమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఎత్తుకుంది.

"ఓ నా సుక్కా... పుట్టమన్ను దెచ్చి పొయ్యి వెడితివి బిడ్డా... పొయ్యి ఆరకముందే పోతివా బిడ్డా..."

పెద్ద ముత్తవ్వ వచ్చి మెడ మీద చెయ్యి వేసి శోకం ఎత్తుకుంటే, ఆ చెయ్యి తీసేసిన ఆడది మా దిక్కు ఇంతవరకు పుట్టలేదు. జయమ్మ ముసలామె భుజం మీదుగా ఒక్కసారి టీవీ వైపు చూసింది. అందుకోక తప్పదు. నోరు తెరిచింది.

"నెలలు నిండిన్నాడు పచ్చిపులుసు దెస్తివి అత్తా... వానల తడుసుకుంట దెస్తివి అత్తా..."

ఆ మాట అన్నాక జయమ్మ మళ్లీ టీవీ వైపు చూడలేదు. ముసలామె ఒళ్లో తల పెట్టింది.

"బోరింగు కాడ లొల్లయితే నా బిందె ముందు వెట్టిస్తివి అత్తా..." తారాబాయి.

"నేను కేకు వెడితే కొంగుల కట్టుకొని మా పెద్దబాపుకని పట్టుకపోతివి పెద్దమ్మా..." ప్రిస్కిల్లా.

పెద్దబాపు అంటే నేనే. ఆ కేకు బేకరీలో కొన్నానని అప్పుడు నాకు చెప్పింది సుక్కమ్మ.

ఇలాంటివి ఎన్నో వచ్చాయి. నాకు తెలియనివే అన్నీ. టీవీకి అందరి వీపులూ తిరిగాయి. శోకం జరిగేచోట మగవాడు ఉండకూడదని నగేష్ తల వంచుకుని వాకిట్లోకి పోయాడు.

మరి నేనేం చేయాలి? అటు చూస్తే ఆడవాళ్ల ఏడుపు. చూడకూడదు. కళ్లు పెట్టుకోవడానికి ఒక చోటు కావాలి కదా! టీవీ చూశాను.

మొత్తం చూశాను. పాయసం ఎవరు తాగారో, గ్లాసు ఎవరి చేతిలోంచి పడిందో, మెట్ల మీద ఎవరు దొర్లారో.

అందరూ ముఖాలు కడుక్కుని తినడానికి కూర్చున్నారు. చల్లారిన మటన్ తిన్నారు. సుక్కత్త చేతి గారెల ముందు ఇవేం గారెలు అన్నారు. చెయ్యి కడుక్కునే దగ్గర జయమ్మ చెంబు కింద పడేసింది.

"అవ్వో! గా పాయసం ఎవలు తాగిన్రు?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ నా ముఖం చూశారు.

ఈ సీరియల్‌కు శని, ఆదివారాలు సెలవు. శనివారం మధ్యాహ్నం శుక్రవారం ఎపిసోడే మళ్లీ వేస్తారు కానీ సందులో కరెంటు లేదు, ఆ పూట నా గుమ్మానికి తాళం ఉంది. యాప్రాల్ తోటికోడలిని అడిగితే చెబుతుంది. ఆమెతో తారాబాయికి మాటల్లేవు! పాస్టరు భార్య శుక్రవారం ఉపవాస కూటంలో ఉంది. నగేష్ కంపెనీలో అడుగుదామనుకుని సిగ్గుపడ్డాడు.

తాళం తీయగానే జయమ్మ ఉప్మా పట్టుకొచ్చింది. "మోకాలు ఎట్లుంది మామా?" అంది. ఏడాదిలో నా మోకాలిని ఎవరైనా పలకరించడం అదే మొదలు. అది కూడా ఉలిక్కిపడింది.

"హిమజ సచ్చిందా, బతికిందా? జర చెప్పు మామా, మస్తు పరేషాన్‌ల ఉన్న."

"గా పచ్చిపులుసు సంగతేంది? ముందుగాల గది చెప్పు" అన్నాను.

చెప్పింది. కూర్చుని, మొదటి నుంచి చెప్పింది. తర్వాత తారాబాయి వచ్చి చెప్పింది. హిమజ సంగతి కావాలంటే ఇంకోటి చెప్పమన్నాను. నిన్న ప్రిస్కిల్లా చెప్పినదాంట్లో సుక్కమ్మ కర్ర తీసుకుని పామును కొట్టింది. నా భార్య బల్లిని చూస్తే మంచం ఎక్కేది. అయినా అడ్డు రాలేదు. పాము ఎంత పొడుగుందని అడిగాను.

హిమజ చచ్చిందో బతికిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పాఠకులకూ చెప్పను. ఎపిసోడ్ చూసినవాళ్లు దయచేసి మా సందులోకి రావద్దు. చూడనివాళ్లు రండి. మూలమీది ఇల్లు. ఉత్త చేతులతో రాకండి, నా భార్య సంగతి ఏదైనా ఒకటి పట్టుకురండి.

ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేయడానికి సోమవారం వస్తానని లైన్‌మన్ కబురు పెట్టాడు. మోకాలు నొప్పితోనే మేడ్చల్ దాకా పోయి అతన్ని కలిశాను. మావాళ్లు చీకట్లో బాగానే ఉన్నారు, తొందరేం లేదని చెప్పొచ్చాను.