లిఫ్టు వీరుని నిమ్మకేకు దండయాత్ర

ఆదివారము, అపరాహ్ణ వేళ. ప్రచండ మార్తాండుడు ఎదుటి మేడల నీళ్ల ట్యాంకుల మీదుగా పడమటికి ఒరిగి, ఆరవేసిన దుప్పట్ల సందుల గుండా మూడవ అంతస్తు వంటగదిలోనికి తన కిరణసేనను పంపుచుండగా, పక్కింటి కుక్కరు మూడు కూతలు కూసి మౌనము దాల్చగా, క్రింద వాకిట ఎవరో మోటారుసైకిలును తన్ని తన్ని అలసిపోవుచుండగా, పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి గరిటె పట్టి ఎరుగని ఒకానొక మహావీరుడు ఆ వంటగది గడపపై పాదము మోపెను.

అతడు లిఫ్టు మెకానిక్కు. ఊర్ధ్వాధోలోకముల నడుమ చిక్కి అలమటించు జనులను ఇరువది రెండేండ్లుగా విడిపించుచున్న ఆపద్బాంధవుడు. ఉక్కుత్రాటి బిగువును బొటనవ్రేలితో మీటి చెప్పగల నిపుణుడు. తలుపు సందులో అర మిల్లీమీటరు తేడా వచ్చినను సహింపని కఠోర నియమపాలకుడు. తన యింట మాత్రము, చక్కెర డబ్బా కంటి ఎదుట నున్నను చక్కెర ఎక్కడున్నదని కేక వేయువాడు.

ఇట్టివానిని వంటింటి రణరంగమునకు ఈడ్చిన కారణము పడకగదిలో గోడవైపు తిరిగి పడుకొని యుండెను. ఆమె అతని ఇల్లాలు, టీ కంపెనీలో రుచి చూచు ఉద్యోగిని. దినమునకు నూటయేబది కప్పులు వరుసగా పేర్చగా, చెంచాతో జుర్రున పీల్చి, ఉమిసి, ఏ కప్పులో వానకు తడిసిన ఆకున్నదో, ఏ కప్పులో గోనెసంచి కంపు కలిసినదో కన్ను తెరవకుండ తేల్చి చెప్పు నాసికా సామ్రాజ్ఞి. పదకొండు వారముల క్రిందట ఆమెకొక జ్వరము వచ్చెను. అది మూడు దినములుండి, పోవుచు పోవుచు ఆమె వాసన శక్తిని వెంటబెట్టుకొని పోయెను. కంపెనీవారు దయామయులు గనుక ఆమెను తీసివేయలేదు. పెట్టెల మీద చీటీలు అంటించు విభాగమునకు మార్చిరి.

డాక్టరు చెప్పినట్లు ఆమె కాఫీపొడి, లవంగము, గులాబీ అత్తరు, నిమ్మతొక్క నాలుగు సీసాలలో పోసికొని పూటపూటకు వాసన చూచెను. ఏమియు తెలియలేదు. ఆనాటి ఉదయము మూతలు బిగించి, నవ్వుచునే, మగనితో ఇట్లనెను.

“ఇంక చాలండి. ఖాళీ సీసాల్లో ముక్కు పెట్టి కూర్చున్నట్టుంది. రేపెళ్లి ఆ చీటీల సీటే నాకు ఖాయం చేసెయ్యమంటాను.”

ఆ నవ్వును చూచి వీరుని గుండె చివుక్కుమనెను. అప్పుడాతని మదిలో ఈ విధమైన సింహగర్జన చెలరేగెను: ‘ఓరీ దుర్జ్వరమా, దొంగచాటున వచ్చి దొంగచాటున పోయిన పిరికిపందా, నీతో ముఖాముఖి తలపడు భాగ్యము నాకు లేకపోయెను. ఐననేమి. చిటికెడు నిమ్మతొక్క సీసాలో నుండి యుద్ధము చేయజాలకున్నచో, నిమ్మ మహాసైన్యమునే ఈ యింట దింపెదను. గోడలును, పరదాలును, దిండ్లును నిమ్మసౌరభముతో దద్దరిల్లజేసెదను. ఆ నాసికా దుర్గపు ద్వారములను బ్రద్దలు కొట్టెదను.’

పైకి మాత్రము, “మైదా ఎక్కడుంటుంది?” అని అడిగెను.

వంటగది గుమ్మమున ముక్కాలిపీటపై కూర్చుండి బఠాణీలు వలుచుచున్న ద్వారపాలకురాలు తల యెత్తెను. ఆమె వీరుని అత్తగారు. కూతురికి జ్వరము వచ్చిన నాడు చూచిపోవుటకు వచ్చి, ఆ పిల్ల ముఖము చూచి, ఉండిపోయిన తల్లి.

“దారి తప్పారా బాబూ?” అని ఆమె పలికెను.

“కేకు చేద్దామనండీ అత్తయ్యగారూ.”

“కేకా. ఎవరు చేస్తారు?”

“నేనే.”

“ఓహో” అని ఆ వృద్ధవీరమాత తన పీటను బారెడు వెనుకకు జరుపుకొనెను.

వీరుని చేతనున్న ఆయుధము ఒక చీటీ. ఆ చీటీ కథ యేమనగా, రెండు నెలల క్రిందట ఇటలీ దేశపు ముసలావిడ ఒకతె ఐదవ అంతస్తుకు ఆరవ అంతస్తుకు నడుమ నలువది నిమిషములు లిఫ్టులో చిక్కుకొనెను. వీరుడామెను విడిపింపగా, ఆమె కృతజ్ఞతతో తన యింట చేసిన నిమ్మకేకు ముక్క పెట్టి, చేయు విధానమును వ్రాసి యిచ్చి, “చాలా సులువు, మా ఊళ్లో చిన్నపిల్లలు చేస్తారు” అని చెప్పి పంపెను. లోకమున ఎందరెందరో వీరులను కూల్చినవి ఇట్టి మాటలే.

మొదటి పోరు ఓవెనుతో జరిగెను. ఆ యంత్రము పెండ్లినాటి కానుక. వచ్చిన నాటి నుండి దానిలో వేడి పుట్టినది రెండుసార్లు, సామాను పెట్టినది తక్కిన కాలమంతయు. వీరుడు దాని గర్భకుహరము నుండి వెలికి దీసినవి యివి: రెండు మూకుళ్లు, ఒక జల్లెడ, పిడి ఊడిన పెనము, మూతలు లేని డబ్బాలు ఏడు, డబ్బాలు లేని మూతలు పదకొండు, మడత విప్పని వారంటీ కాగితము. లోపల ఉండవలసిన ఊచల తట్ట మాత్రము కానరాలేదు. అది బాల్కనీలో కలబంద కుండీ క్రింద మూడేండ్లుగా కొలువై యుండెను.

“కేకు గిన్నె అడుగునే పెట్టేద్దాం. లోపల వేడంతా ఒకటేగా” అనెను, అర మిల్లీమీటరు సహింపని ఆ మహానుభావుడు.

రెండవ పోరు కొలతలతో. చీటీలో తూకములు లేవు. పెరుగు డబ్బాయే కొలత. ఒక డబ్బా పెరుగును గిన్నెలో వంపి, ఆ ఖాళీ డబ్బాతోనే రెండు చక్కెర, మూడు మైదా, ఒకటి నూనె. మూడు గుడ్లు, రెండు నిమ్మకాయల తొక్క తురుము, ఒక కాయ రసము, చెంచాడు బేకింగ్ పౌడరు. అంతే. ఈ సరళత్వమే వీరుని కలవరపరచెను.

“డబ్బా అంటే ఎంతవరకండీ? అంచు దాకానా, లోపలి గీత దాకానా?”

“డబ్బా అంటే డబ్బాడు” అనెను అత్తగారు.

వీరుడు తృప్తి చెందలేదు. పనిముట్ల సంచి తెచ్చి, ఉక్కు స్కేలుతో మైదాను అంచుకు సమముగా కోసి, దానిపై రసమట్టము పెట్టి, లోపలి బుడగ నడిమికి వచ్చువరకు ఊపిరి బిగబట్టెను.

“నాకు డెబ్బై రెండేళ్లు. పిండికి రసమట్టం పెట్టినవాళ్లని ఇవాళే చూశాను” అని ఆమె బఠాణీలతో చెప్పెను.

గుడ్ల యుద్ధమున పెంకులు తునాతునకలై గిన్నెలో దిగబడెను. వాటిని ఏరుటకు అతడు విద్యుత్తీగలు పట్టు పట్టకారు వాడెను. ఆపై నిమ్మకాయ. తురుముపీటపై రెండు కాయల పసుపును రాచుచు రాచుచు, మూడవదిగా తన బొటనవ్రేలి కణుపును రాచుకొని, ఆ గాయముతోనే నిమ్మరసమును పిండెను. అప్పుడు ఆ వీరుడు నోరు మెదపక, ఒంటికాలిపై వంటగదిని రెండుమార్లు చుట్టివచ్చెను.

“తెగిందా?”

“లేదండీ.”

“మరి ఆ ప్రదక్షిణలేమిటి?” అనుచు ఆమె లేచి వచ్చి, అతని వ్రేలికి గుడ్డపేలిక చుట్టి, గరిటె తానందుకొనెను. గిన్నెపై వంగగానే నిమ్మసుగంధము గుప్పున లేచెను. ఆమె గరిటె ఆగిపోయెను. స్వరము తగ్గించి అడిగెను.

“రాత్రిళ్లు అది దుప్పటి ముసుగులో ఏడుస్తోంది. మీకు తెలుసా?”

“తెలుసండీ. నిద్రపోయినట్టు ఉంటాను. లేచానంటే, నా కోసం మళ్లీ నవ్వాలి కదా తను.”

అత్తగారు పిండిని మునుపటికన్న బలముగా కలిపెను.

గిన్నె ఓవెను చేరెను. నూటయెనుబది డిగ్రీలు, నలువది నిమిషములు. లోపలి బల్బు మాడిపోయి యుండుటచే వీరుడు నేలపై బోర్లగిల పడుకొని టార్చిలైటు వేసి చూచుచుండెను. పావుగంటకు పిండి కదలెను. మరి పది నిమిషములకు గిన్నె అంచు దాటెను. వంటగది, నడవ, ముందుగది, చెప్పుల అలమర సైతము నిమ్మమయమయ్యెను. ఇదే అదనని సేనానులిద్దరును చెరియొక తువ్వాలు ధరించి, పడకగది తలుపు తెరచి, పరిమళమును లోనికి తోలజొచ్చిరి. అత్తగారు ఎడమ నుండి, అల్లుడు కుడి నుండి, తువ్వాళ్లు గాలిలో ఖడ్గముల వలె జళిపించుచు, ఒకరి తువ్వాలు ఒకరి ముఖమునకు తగులుచున్నను లెక్కింపక పోరాడిరి.

మంచము మీది ఇల్లాలు ఇటు తిరిగెను. “ఏమిటిద్దరూ? దోమలా?”

“ఏం లేదు. ఊరికే.” వీరుడు రొప్పుచుండెను. “నీకేమైనా తెలుస్తోందా?”

ఆమె వారిరువురినీ పరికించి, “నిమ్మకాయా?” అనెను.

తువ్వాళ్లు రెండును నిలిచిపోయెను. వీరుని కన్నులు చెమ్మగిల్లెను. “ఎలా తెలిసింది?”

“మీ చొక్కాకి నిమ్మతొక్క అంటుకుంది.”

ఏ ఉక్కుత్రాడు తెగినను అట్టి చప్పుడు రాదు. అతని లోపల ఏదియో పై అంతస్తు నుండి క్రిందికి సూటిగా జారిపోయెను. ఆమె అది కనిపెట్టినది గాబోలు, “బాగా వచ్చి ఉంటుందిలెండి. తర్వాత తింటాను” అని మెల్లగా చెప్పి, మరల గోడవైపు తిరిగెను.

సేనానులు వెనుదిరిగి వచ్చి ముందుగదిలో కూలబడిరి. ఒకరు సోఫాలో, ఒకరు నేలపై. తువ్వాళ్లు ఒడిలో పడియుండెను. గోడ గడియారము కూడ మర్యాద కొద్దీ మెల్లగా కొట్టుకొన్నట్లుండెను.

అంతలో పడకగది నుండి పిలుపు వచ్చెను. “ఏవండీ, అడుగు మాడుతోంది చూడండి.”

“లేదు. ఇంకా ఆరు నిమిషాలుంది” అని వీరుడు ఉన్నచోటనే బదులిచ్చెను.

“ఆరైనా అరవైయైనా మాడుతోంది. చక్కెర అడుగంటింది.”

తన కొలతలపై ఇట్టి అపనింద పడుట సహింపక అతడు చరచర లేచిపోయి, ఓవెను ముందు వంగి వాసన చూచి, “నాకేం రావట్లేదే” అనెను. అత్తగారు వెంట వచ్చి తానును చూచి, “నాకూ రావట్లేదు. నిమ్మకాయే” అని, అంతలో మాట మింగి, అల్లుని మోచేయి పట్టుకొనెను.

“బాబూ. అది పడగ్గదిలో ఉంది.”

ఇద్దరును కొయ్యబారిరి. అప్పుడు, సరిగ్గా అప్పుడు, ఓవెను తలుపు సందు నుండి వెండ్రుకవాసి పొగ ఒకటి వెలువడి, మాడు వాసన వారి సామాన్య నాసికలను చేరెను.

ఇల్లాలు వచ్చి గుమ్మమున నిలిచియుండెను. జుట్టు చెదరి యుండెను. ఒక చేతితో గోడను పట్టుకొని, గడ్డమెత్తి, నూటయేబది కప్పుల యెదుట నిలుచు నాటి వలె చిన్నచిన్నగా గాలి పీల్చుచుండెను. వీరుడు మీట కట్టివేయబోయెను.

“ఆపకండి” అనెను ఆమె.

“మొత్తం మాడిపోతుంది.”

“మాడనివ్వండి. రెండు నిమిషాలు. నన్ను చూడనివ్వండి.”

అట్లు, అంత శ్రమించి, అంత రక్తమోడ్చి, రసమట్టము పెట్టి కట్టిన తన సామ్రాజ్యము కన్నుల యెదుట దగ్ధమగుచుండగా, ఆ వీరుడు చేతులు కట్టుకొని చూచుచు నిలిచెను. ఆమె కన్నులు మూసికొని ఓవెనుకు చేరువగా కూర్చుండెను. తల్లి ఆమె వెనుక నిలిచి, వీపుపై చేయి వేసి, తీయలేదు. పొగ నడవ దాటెను. పై అంతస్తు ఆవిడ దిగివచ్చి తలుపు తట్టి, “ఏవండీ, మీ ఇంట్లో ఏదో మాడుతున్నట్టుంది” అని హెచ్చరింపగా, అత్తగారు తలుపు ఓరగా తీసి, పట్టాభిషిక్తురాలైన మహారాణి వలె, “అవునమ్మా, మాడుతోంది” అని చెప్పి, మూసివచ్చెను.

పిదప కేకు బయటకు వచ్చెను. బోర్లించినను గిన్నెను వీడలేదు. వీరుడు ఉలి తెచ్చి దానిని విడిపింపవలసి వచ్చెను. అడుగున రెండంగుళముల బొగ్గు. పైన రెండంగుళముల కేకు. బొగ్గును కోసివేసి, మిగిలిన దానిని ఆరు ముక్కలు చేసి పళ్లెములో పెట్టిరి. అత్తగారు రుచి చూచి, తల ఊపి, “పెంకు లేదు” అని మెచ్చుకొనెను. ఇల్లాలు ఒక ముక్క నోట వేసికొని, నాలుక మీద అటునిటు దొర్లించి, అలవాటు చొప్పున ఉమియుటకు పాత్ర కొరకు చూచి, మింగెను.

“నిమ్మ తెలుస్తోందా?” అని వీరుడు అడిగెను.

“పులుపు తెలుస్తోంది, అది నాలుక పని. నిమ్మ మాత్రం లేదు.” ఆమె ఆలోచించి నిజమే చెప్పెను. “మాడొక్కటే తెలిసింది. అదీ సన్నగా. పక్కవీధిలో నుంచి వచ్చినట్టు.”

“రేపు మరి, ఆ సీటు?”

“రేపేమీ అడగను. ఒక నెల చూస్తాను.” అని, కోసి పక్కన పడవేసిన నల్లని ముక్కనొకటి తీసికొని, ముక్కు వద్ద పెట్టుకొని, “గిన్నె మాత్రం మీరే తోమాలి” అనెను.

కావున వినుడు. దివాకరుడు ట్యాంకుల వెనుకకు దిగిపోవు వేళ, మోచేతుల దాకా మసితో, గుడ్డ చుట్టిన వ్రేలితో, ఆ లిఫ్టు వీరుడు సింకు ముందర నిలిచి గిన్నెను పీచుతో రుద్దుచున్నాడు. మసి వదలుట లేదు. అతనికి విసుగు కలుగుట లేదు. అష్టదిక్కుల చాటింప వలసిన విజయవార్త యింతే: కేకు మాడెను. ఆమెకు తెలిసెను.