వంగే పిల్లకు వంకర బెంచీ

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు అడిగి ఊరుకున్నారు. పాఠశాలల శాఖ ఊరుకోలేదు. మొక్క అసలు ఎంత వంగుతుందో కొలిచి చెప్పడానికి ‘మనోవంపు కొలతాధికారి’ అనే పదవిని సృష్టించి, అందులో ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టింది. (ఆయన కుర్చీని నేలకి బోల్టులతో బిగించారు. ఎండ మొహాన పడితే ఆయనే కళ్ళు మూసుకుంటారు.)

నిబంధన ఎంతో న్యాయమైనది. సెక్షన్ మారాలనుకునే పిల్లలు, మార్పును తట్టుకునే మనసు తమకుందని ముందు ఈయన దగ్గర రుజువు చేసుకోవాలి.

తొమ్మిదో తరగతిలో అందరూ ‘బొమ్మలక్క’ అని పిలిచే అమ్మాయికి లెక్కల సెక్షన్ వదిలి చిత్రలేఖనం సెక్షన్‌కి మారాలని ఒకటే కోరిక. త్రిభుజం ఇస్తే తోక తగిలించి చేపను చేసే రకం. వాళ్ళమ్మ కూడా, “మారు తల్లీ, లెక్కల మాస్టారైనా ప్రశాంతంగా ఉంటారు” అని దరఖాస్తు మీద సంతకం పెట్టేసింది.

దరఖాస్తుతో ఎదురుగా నిలబడ్డ ఆమెను చూసి కొలతాధికారి గొంతు సవరించుకున్నారు.

“విహారయాత్రకి బయల్దేరావు. వాన మొదలైంది. ఏం చేస్తావు?”

“వాన బొమ్మ వేసుకుంటా సార్.”

“మనసు బాగోలేకపోయినా చెయ్యాల్సిన పని చేస్తావా?”

“లెక్కల క్లాసులో రోజూ చేసేది అదే కదా సార్.”

“నీ అభిప్రాయం తప్పని తేలితే?”

“మార్చుకుంటా.”

“వెంటనే?”

“మీకు తొందరైతే వెంటనే.”

ఆయన మురిసిపోయి నూటికి నూరు వేశారు. “నా సర్వీసులో ఇంత వంపు చూళ్ళేదు. ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నెలా ఉండే నీళ్ళమ్మా నువ్వు.”

“అయితే రేపట్నుంచి బొమ్మల సెక్షన్‌కి వెళ్ళొచ్చా సార్?”

“ఎందుకూ? ఎక్కడున్నా సర్దుకోగలవని ఇప్పుడే తేలిందిగా. ఇక మారాల్సిన అవసరమేముంది?”

“మరి సున్నా వచ్చినవాళ్ళో?”

“మార్పు తట్టుకోలేరు పాపం. వాళ్ళని ఎలా కదిలిస్తాం?”

(ఈ పద్ధతి వచ్చాక ఏ బడిలోనూ ఒక్కరు కూడా సెక్షన్ మారలేదు. పిల్లల మనసులు కుదుటపడ్డాయని శాఖ ప్రకటించుకుంది.)

“నాకు కోపమొస్తోంది సార్.”

“రానీ తల్లీ. కోపమొచ్చినా పని ఆపని పిల్లవి. అందుకేగా నూరు వేసింది.”

ఆమె ప్రతిభను మాత్రం బడి వృథా పోనివ్వలేదు. లెక్కల గదిలో ఎవరూ కూర్చోలేక మూల పడేసిన మూడు కాళ్ళ బెంచీని మర్నాడే ఆమెకు కేటాయించారు. ఆమె పడిపోకుండా కూర్చోవడం చూసి, వడ్రంగికి పంపిన కబురు రద్దు చేశారు.