రోడ్డు మీదికి కనిపించే మొహం

ఫ్లారిడాలోని హ్యాపీ హెరాన్ కాలనీలో, రోడ్డు మీదికి కనిపించే ప్రతి మొహమూ ఆహ్లాదకరంగా ఉండాలని నియమం. ఇందులో విడ్డూరమేమీ లేదు. రిటైరై ఆనందంగా గడపడానికి వచ్చినవాళ్ళు నిజంగా ఆనందంగా ఉన్నారో లేదో ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. ఆ పని ఇళ్ళ యజమానుల సంఘం చూసుకుంటుంది. మొదట్లో ఈ నియమం పచ్చికలో నిలబెట్టే బొమ్మల కోసం పుట్టింది. మరుగుజ్జు బొమ్మలు, ప్లాస్టిక్ కొంగలు, క్రిస్మస్ జింకలు అన్నీ దానికి లోబడ్డాయి. జనాన్ని భయపెట్టడానికే పుట్టిన హాలోవీన్ గుమ్మడికాయలు కూడా ఇక్కడ మర్యాదగా నవ్వుతాయి. క్రమంగా మనుషులకూ అదే అలవాటైంది. వెర్లన్ టాకెట్ భార్యను ఖననం చేసి తిరిగివస్తూ, కారు అద్దం దించి, వీధి పొడుగునా నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఆ కష్టకాలంలో ఆయన చూపిన సహకారాన్ని సంఘం ప్రత్యేకంగా అభినందించింది.

ఆ భార్య లర్లీన్ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆ నియమాన్ని పాటించిన పాపాన పోలేదు. కనుబొమలు ముడిచి, మూతి ఒక పక్కకు లాగి, కింది పళ్ళు కాస్త బయటపెట్టి ఆవిడ చూసే చూపు కాలనీ అంతటికీ తెలుసు. బురద బూట్లతో గడప దాటే వెర్లన్‌కు మరీ బాగా తెలుసు. ఫిర్యాదు చేద్దామని వెళ్ళినవాళ్ళు, ఆవిడ తలుపు తియ్యగానే, టైమెంతయిందని అడిగి వెనక్కి వచ్చేవారు. అలాంటి లర్లీన్ సంస్మరణ సభలో వక్తలందరూ ఆవిడ చల్లని చిరునవ్వును తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వెర్లన్‌కు అర్థం కాలేదు.

వెర్లన్‌కు టికిలు చెక్కే సరదా ఉంది. టికి అంటే పసిఫిక్ ద్వీపాల్లో పూర్వీకులకూ దేవుళ్ళకూ ఇచ్చిన కొయ్య రూపం. ఫ్లారిడాలో మాత్రం పెరట్లో మందు బల్ల పక్కన నిలబడేది. స్కూలు బస్సు నడపడం మానేసిన దగ్గర్నుంచీ ఆయన గ్యారేజీలో దుంగ నిలబెట్టి, మోటారు రంపంతో మొహం తెరిచి, ఉలితో కళ్ళూ ముక్కూ తీసి, గ్యాసు మంటతో పైపైన కాల్చి వార్నీషు పూస్తున్నాడు. అవన్నీ పెరటివైపే ఉండేవి కనుక సంఘానికి పట్టలేదు. ఇంటికి ఒక మొద్దు చాలదా అని లర్లీన్ అనేది. అలా అంటూనే పనయ్యేదాకా గ్యారేజీ గుమ్మంలో నిలబడి చూసేది.

ఆవిడ చనిపోయిన ఏడే తుఫాను వచ్చి, ఆవిడ వాకిట్లో నాటిన పామ్ చెట్టును మోకాలెత్తున విరగ్గొట్టింది. కాలనీలో పడిపోయిన చెట్లన్నిటినీ సంఘం వాళ్ళు పొడి చేయించి పూలపాదుల్లో చల్లుతున్నారు. వెర్లన్ తన చెట్టును ఇవ్వలేదు. గ్యారేజీలోకి దొర్లించుకుపోయి చెక్కడం మొదలుపెట్టాడు. ఏం చెక్కుతున్నదీ ఆయన ముందుగా అనుకోలేదు. కనుబొమలు ముడుచుకుని వచ్చాయి. మూతి తనంతట తానే పక్కకు పోయింది. కింది పళ్ళు కాస్త బయటికి వచ్చాయి. ఆ టికిని తీసుకొచ్చి వాకిట్లో విరిగిన మొదలు పక్కనే నిలబెట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లోకి వెళ్తూ, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో తను ఒంటరిగా లేననిపించింది.

మర్నాడే సంఘం గోల్ఫు బండ్ల మీద తరలివచ్చింది. ముందు అధ్యక్షురాలు కాన్స్టన్స్ ప్రూయిట్, వెనక డాక్టర్ ఫెల్టన్ గ్రేవ్స్. ఈ డాక్టరు గారు రిటైరైన పళ్ళ వైద్యుడు. ఒకప్పుడు ఓడెక్కి పసిఫిక్ ద్వీపాలు చుట్టి వచ్చినందువల్ల కాలనీలో ఆ సంస్కృతికి ఆయనే అధికారి. అసలు ఆ ద్వీపాల వాళ్ళనే ఎవరినైనా అడగవచ్చు గానీ, వాళ్ళకు ఈ కాలనీలో ఓటు లేదు.

"వెర్లన్ గారూ, మీ కళ అంటే మాకెంతో గౌరవం," అంది కాన్స్టన్స్ నవ్వుతూ. "మొహమే కాస్త ఆహ్లాదంగా లేదు. మూతి చివరలు రవ్వంత పైకి ఎత్తండి, చాలు. లేదంటే, మనసుకు కష్టమే అయినా, దీన్నీ పొడి చేయించాల్సి వస్తుంది."

"చెక్క పనిలో తీసెయ్యడమే గానీ అతికించడం ఉండదమ్మా," అన్నాడు వెర్లన్.

"తీసెయ్యండి మరి," అంది ఆవిడ ఎంతో ఆప్యాయంగా.

పూలపాదుల్లో పొడి కావడం కంటే మూతి మారడం నయమనుకున్నాడు వెర్లన్. మూతి పైకి ఎత్తాలంటే దాని చుట్టూ ఉన్న చెక్కంతా తియ్యాలి. తీశాడు. అప్పుడు ముడిచిన కనుబొమల కింద ఆ నవ్వు వెక్కిరింతలా ఉందని సంఘం గుర్తించింది. కనుబొమలు పోయాయి. కనుబొమలు లేని కళ్ళు ఎదురింటి ఆడవాళ్ళను గుడ్లప్పగించి చూస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. కళ్ళు పోయాయి. ఆ పళ్ళ అమరిక చూసి పిల్లలు దంత సంరక్షణ మీద తప్పుడు అభిప్రాయం ఏర్పరచుకుంటారని డాక్టరు గారు ఆందోళన వ్యక్తం చేశారు. పళ్ళు పోయాయి. చివరికి మిగిలిన ముక్కు ద్వీపవాసుల మనోభావాలను గాయపరచవచ్చని ఆయనే మళ్ళీ ద్వీపవాసుల తరఫున బాధపడ్డారు. వెర్లన్ ప్రతిసారీ ఉలి తీసుకుని వంగేవాడు. ప్రతిసారీ లర్లీన్ మొహంలో ఇంకొంచెం నేలరాలేది. పామ్ దుంగకు గట్టిదనమంతా పైపెంకులోనే ఉంటుంది, లోపలంతా పీచే. పైపెంకు పోయాక ఉలి దించడానికి ఏమీ మిగల్లేదు.

అలా తయారైన నున్నటి గుంజను చూసి సంఘం పరవశించింది. ఇంత ఆహ్లాదకరమైన టికి ఫ్లారిడా మొత్తంలో లేదని తీర్మానించి, దాన్ని వెర్లన్ వాకిట్లోంచి పెకలించి కాలనీ గేటు దగ్గర సగౌరవంగా ప్రతిష్ఠించింది. ఆ సభలో కాన్స్టన్స్ మాట్లాడుతూ, "ఈ శిల్పంలో ఎవరికీ అభ్యంతరకరమైనది ఏదీ లేదు. అసలు ఏదీ లేదు. ఇదే మన కాలనీ సాధించిన విజయం," అంది. దాన్ని చూస్తే ఎందుకో తమనే చూసుకున్నట్టుందని చాలామంది అన్నారు. వెర్లన్‌కు శాలువా బదులు పూల చొక్కా బహూకరించారు. ఆయన దాన్ని తొడుక్కుని, ఫోటోకు నవ్వి, ఇంటికి వచ్చి, బురద బూట్లతోనే మంచం మీద పడుకున్నాడు. ఆయన్ను ఏమనడానికీ ఎవరూ లేరు.

తెల్లవారాక వాకిట్లో విరిగిన మొదలు కంటబడింది. దాని వేళ్ళు ఇంకా భూమిలోనే ఉన్నాయి. రోడ్డుకు ఒక వీపు, గుమ్మానికి ఒక మొహం ఇవ్వడానికి అందులో చోటుంది. రోడ్డు మీదికి కనిపించని మొహం గురించి నియమం ఏమీ అనలేదు. వెర్లన్ గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని ఉలి అందుకున్నాడు. ఈసారి కనుబొమలు ఇంకా గట్టిగా ముడుచుకున్నాయి. గేటు దగ్గరి గుంజ సంగతి లర్లీన్‌కు ఎవరో చేరవేసినట్టుంది.

విషయం పాకింది. ఆ మొహం చూడాలంటే వెర్లన్ గుమ్మం దాకా రావాలి. ఒకరు పంచదార కోసం వచ్చారు. ఒకరు దారి తప్పామన్నారు. వాళ్ళుండేది వెర్లన్ పక్కింట్లోనే. వచ్చినవాళ్ళు గుమ్మంలో కూర్చుని, ఆయనిచ్చిన ఐస్ టీ తాగుతూ, ఆ మొదలు చేత కాసేపు చీవాట్లు తిని, తేలికపడి వెళ్ళేవారు. డాక్టరు గారు రెండుసార్లు వచ్చి పళ్ళు పరీక్షించారు. ఆఖరున కాన్స్టన్స్ 'నిమ్మకాయ పై' అనే తీపి వంటకం తీసుకుని వచ్చింది. నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెట్టు మీద కూలబడింది.

"మా ఆయన పోయాక నన్నెవరూ ఇలా చూళ్ళేదు వెర్లన్ గారూ," అంది. "ఎవరిని చూసినా నవ్వే. దవడలు నొప్పెడుతున్నాయి."

"దవడలు వదిలెయ్యండమ్మా. ఈ మెట్టు రోడ్డుకు కనపడదు," అన్నాడాయన.

ఆవిడ వదిలేసింది. ఆవిడ అసలు మొహాన్ని వెర్లన్ చూడడం అదే మొదటిసారి. బాగానే ఉంది.

ఇంతటి ఊరటను సంఘం ఒక్క మనిషి గుమ్మానికి వదిలేస్తుందని ఎవరూ అనుకోకూడదు. తరువాతి సమావేశంలో కాన్స్టన్స్ గద్గద స్వరంతో ఉపన్యసించింది. ఆ మొహం కాలనీ ఉమ్మడి సంపద అనీ, దాన్ని రోడ్డువైపు కూడా చెక్కించి అందరికీ అందుబాటులోకి తేవాలనీ ప్రతిపాదించింది. రోడ్డు మీదికి కనిపిస్తుంది కనుక, మూతి చివరలు రవ్వంత పైకి ఎత్తాలని డాక్టరు గారు సవరణ ప్రవేశపెట్టారు. వెర్లన్ గుమ్మంలో చీవాట్లు తినివచ్చిన ప్రతి చెయ్యీ పైకి లేచింది.

వెర్లన్ లేచి నిలబడి, వాళ్ళవైపు చూశాడు. ఆయన కనుబొమలు ముడుచుకున్నాయి. మూతి ఒక పక్కకు పోయింది. కింది పళ్ళు కాస్త బయటపడ్డాయి. అన్నేళ్ళు లర్లీన్‌తో కాపురం చేసినవాడికి ఆ మాత్రం పట్టుబడకుండా ఉంటుందా. అందరూ కుర్చీల్లో కొంచెం ముందుకు జరిగి, చాలాకాలం తర్వాత ఇంటి మనిషిని చూసినట్టు ఆ మొహాన్నే చూశారు. వెనక వరసలో ఎవరో వెక్కారు.

అప్పుడు కాన్స్టన్స్ మెల్లగా లేచి, కిటికీల దగ్గరికి నడిచింది. ఆ హాలుకు రోడ్డువైపు పెద్ద పెద్ద కిటికీలు. తెరలన్నీ ఒక్కొక్కటిగా మూసేసి వచ్చి కూర్చుంది. హాల్లో ఒక్కొక్క మొహం మీదా నవ్వు ఆరిపోయింది. లోపల ఎంత హాయిగా ఉందో బయట రోడ్డుకు తెలియలేదు. తీర్మానం మాత్రం రద్దు కాలేదు. అది ఏకగ్రీవంగా ఆమోదం పొందినట్టే ఈనాటికీ లెక్క.

ఇది చదువుతూ పాఠకులు నవ్వుతున్నారనే అనుకుంటాను. రోడ్డు మీదికి కనిపించేలా కూర్చున్నవాళ్ళు అలాగే నవ్వుతూ ఉండండి.