అత్తగారి మోకాలికి మాచిపత్రి

చనిపోయిన పెద్దలను తలుచుకునే బోన్ పండుగ ఆఖరి రోజు పొద్దున్నే తొమే గారి కుడి మోకాలు మొరాయించింది. ఆ సాయంత్రం గుడి మైదానంలో కాగితపు దీపాల కింద ఊరంతా వలయం కట్టి ఆడుతుంది. మధ్యనున్న మంచె ఎక్కి మొదటి అడుగు వేసేది తొమే గారే. ఆవిడ ఎక్కకపోతే ఎక్కేది పక్కింటి షిగెయో. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోరు.

"హాల్లో నేర్చుకుంటున్నదేదో ఇవాళ పనికి రావాలి, కివాకో," అన్నారు ఆవిడ కోడలితో. "నేను మంచె ఎక్కానా, నీ చదువు సాగుతుంది. లేదంటే ఆ పొగ మళ్లీ ఈ ఇంట్లో కనబడకూడదు."

వసంతంలో వార్డు హాల్లో కురమిత్సు మాస్టారి దగ్గర మాచిపత్రి వైద్యం నేర్చుకోవడానికి చేరింది కివాకో. నేర్చుకున్నది చూడబోతే చిన్న పనే. ఎండిన మాచిపత్రిని దంచి జల్లించగా మిగిలే మెత్తటి నూగును వేళ్ల మధ్య నలిపి బియ్యపుగింజంత చేయాలి. సరైన చోట చర్మం మీద నిలబెట్టి, అగరొత్తి కొనతో అంటించాలి. చురుక్కుమనగానే తీసేయాలి. అట్టముక్క మీద, వంకాయ మీద, చివరికి తన పిక్క మీద కూడా సాధన చేసింది. ఒకచోట గింజంత నిప్పు పెడితే ఇంకెక్కడో హాయి ఎలా పుడుతుందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అంతుపట్టలేదు కాబట్టే మానలేకపోయింది. అయితే మరొకరి ఒంటి మీద పెట్టడం మాత్రం ఇదే మొదలు.

భర్త మసనరి మంచె మీద డోలు కట్టడానికి వెళ్లాక, చాప గదిలో పరుపు వేసి అత్తగారిని పడుకోబెట్టింది. తోట వైపు కూర్చుంటే నొప్పి మోకాలు సరిగ్గా తన ముందుకొచ్చింది. అగరొత్తి వెలిగించిందో లేదో, ఉత్తరపు కిటికీలోంచి గాలి వచ్చి పొగనంతా తొమే గారి ముక్కులోకి తోసింది. ఆవిడ దగ్గుకి గింజ ఎగిరి చాప మీద పడింది. కిటికీ మూద్దామంటే ఉక్క.

"తల కిటికీ వైపు పెట్టుకుంటే పొగ కాళ్ల వైపు పోతుంది. కానీ అటు ఉత్తరం, అత్తయ్యా," అని నసిగింది కివాకో. ఉత్తరం వైపు తల పెట్టించేది శవానికేనని ఆ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు.

"నా తల ఏ దిక్కున ఉంటే నీకెందుకు? కాలు సంగతి చూడు."

ఆవిడ తల అటు పెట్టి పడుకుని, మిగిలిన పొగ కూడా తగలకుండా తెల్లటి తువ్వాలు మొహం మీద కప్పుకున్నారు. కివాకో మళ్లీ తోట వైపే కూర్చుని, తన ముందున్న మోకాలి కింద గుర్తుకి సిరాచుక్క పెట్టి, గింజ నిలబెట్టింది. తల బాగా వంచి చూసింది. నూగు అంచున ఎర్రటి చుక్క మెల్లగా లోపలికి పాకుతోంది. పొగకి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

సరిగ్గా అప్పుడే షిగెయో తన తోటలో కాసిన వంకాయలు ఇద్దామని వచ్చి, రెల్లు తెర సందులోంచి లోపలికి చూసింది. ఉత్తరం వైపు తల. మొహం మీద తెల్లగుడ్డ. అగరొత్తి. తల వంచి కన్నీళ్లు కారుస్తున్న కోడలు. వంకాయలు గడప దగ్గర పెట్టి, చేతులు జోడించి, చప్పుడు లేకుండా వెనక్కి వెళ్లిపోయింది.

తొమే గారు మాత్రం మొదట చీమ కుట్టినట్టుందని, తర్వాత వేణ్ణీళ్ల తొట్టిలో దిగినట్టుందని చెప్పి, గుర్రు పెట్టడం మొదలుపెట్టారు. కివాకో చేతులు కడుక్కుని వచ్చేసరికి వంటింట్లో ఏప్రన్లు కట్టుకున్న ఆడవాళ్లు బియ్యం కడుగుతున్నారు. పండుగ వంటకి సాయం వచ్చారనుకుని ఆమె మురిసిపోయింది. నువ్వేం ముట్టుకోకు, వెళ్లి ఆవిడ దగ్గర కూర్చో అని వాళ్లు ఆమెను గదిలోకి పంపేశారు. వెనకాలే మసనరి, డోలు కర్రలు చేతిలో ఉండగానే, పరుగున వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఆట ఆపేశారు, దీపాలు దించేస్తున్నారు అంటూ ఏడ్చాడు.

ఆ మాటతో కివాకోకి అంతా అర్థమైంది. నోరు తెరవబోయింది. తువ్వాలు అంచు అంగుళం లేచింది. ఒక కన్ను కనిపించింది. ఊరుకో అన్నట్టు వేలు ఆడింది. కాగితపు తలుపు అవతల షిగెయో మాట్లాడటం మొదలుపెట్టింది మరి.

"అక్కయ్య చెయ్యి తిప్పినట్టు ఈ జిల్లాలో ఎవరూ తిప్పలేరు," అంది ముక్కు చీదుతూ. "ఆవిడ మంచె నేనెక్కను. నాకా అర్హత లేదు."

తువ్వాలు కింద తృప్తిగా నిట్టూర్పు వినిపించింది. అక్కడితో ఆగుంటే తొమే గారు సాయంత్రం దాకా అలాగే పడుకునేవారేమో.

"పాపం, తాళం ఒక్కటే తప్పేది. మూడో అడుగు ఎప్పుడూ ముందే వేసేసేది. పెద్దావిడ కదా అని ఊరంతా అలాగే తప్పు అడుగు నేర్చుకున్నాం."

తువ్వాలు గాల్లోకి లేచింది. తొమే గారు రెండంగల్లో గది దాటి, కాగితపు తలుపు బర్రున తోశారు. వంటింట్లో గిన్నె ఒకటి కిందపడి దొర్లింది. మసనరి కర్రలు వదిలేసి అమ్మ కాళ్లు పట్టుకున్నాడు.

"మూడో అడుగు ముందా?" అన్నారు ఆవిడ. "లెక్కపెట్టు, షిగెయో. ఇప్పుడే, ఇక్కడే." అక్కడే నిలబడి, రెండు కాళ్ల మీదా బరువు వేస్తూ, ఆట మొత్తం ఆడి చూపించారు. మూడో అడుగు ముందే పడింది.

సాయంత్రం దీపాలు మళ్లీ కట్టారు. తొమే గారు మంచె ఎక్కారు. షిగెయో వలయంలో అందరికన్నా ముందు నిలబడి, తప్పు అడుగు తప్పకుండా వేసింది.

తర్వాతి తరగతికి కోడలి విద్యను మెచ్చుకోవడానికి తొమే గారు స్వయంగా హాలుకి వెళ్లారు. కురమిత్సు మాస్టారు మోకాలి కింద ఉన్న చిన్న మచ్చను వేలితో నొక్కి చూసి, స్థానం చక్కగా కుదిరిందన్నారు. నొప్పి ఈ కాలిదేనా అని అడిగారు.

"కాదు, కుడిది," అన్నారు ఆవిడ. "నొప్పి ఒకచోట, నిప్పు ఇంకోచోట అని కోడలు చెప్తూనే ఉండేది. అదే శాస్త్రమనుకుని ఊరుకున్నాను."

పరుపు మీద అత్తగారి తల అటు తిరిగితే కాళ్లు కూడా అటుదిటు అయి, కుడికాలి చోటికి ఎడమకాలు వచ్చిందని కివాకోకి అప్పుడు తట్టింది. మాస్టారు ఎడమకాలినే చూస్తూ, మరి కుడికాలు ఎలా లేచిందని అడిగారు.

"దానికి పక్కింటావిడ వాత పెట్టిందండి," అంది కివాకో.