మోకాలి మీద బొంత

సెల్‌ఫోన్ కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. తెలిస్తే ఆయనకో బొంత కుట్టి పంపేదాన్ని.

నవ్వకండి. ఊరంతా ఫోన్‌ను ఆడిపోసుకునేవాళ్ళే. పిల్లలు చెడిపోయారని, కళ్ళు పోయాయని, కాపురాలు కూలాయని రోజూ పేపర్లో ఎవరో ఒక డాక్టరు వాపోతూనే ఉంటాడు. ఆ డాక్టరుకు కుట్టుపని రాదని నేను ఘంటాపథంగా చెప్పగలను. వస్తే అంత మాట అనడు. నా మాట వినండి. సూది పట్టిన ఆడదానికి ఇంట్లో మనిషికో ఫోన్ ఉండడాన్ని మించిన వరం లేదు!

ముందు నా సంగతి చెప్పాలి. నాకు మూడు పిచ్చులున్నాయి. పాత గుడ్డముక్కలు కలిపి బొంతలు కుట్టడం ఒకటి. ఇంట్లో దొరికిన కాగితమల్లా స్క్రాప్‌బుక్‌లో అంటించడం రెండోది. బస్సు టికెట్లు, మందుల చీటీలు, మా అమ్మాయి లెక్కల్లో తెచ్చుకున్న మొట్టమొదటి సున్నా, అన్నీ అందులో ఉన్నాయి. ఇక మూడోది, మా వీధిలో ఆరుగురు ఆడవాళ్ళం కలిసి ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకు బొంతలు కుట్టివ్వడం. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు వెచ్చగా కప్పడానికి.

ఎవరి పిచ్చి వారికానందం. ఒక ముక్క మూల ఇంకో ముక్క మూలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసినప్పుడు ఉండే సుఖం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ వాక్యం మా ఆయన కంట పడుతుందని నాకేమీ భయం లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఫోన్లు రాకముందు నా బతుకెలా ఉండేదో తెలుసా? సూదిలో దారం ఎక్కించానో లేదో, "అమ్మా, నా సాక్సు ఒకటే ఉంది" అని ఒక గదిలోంచి. "ఏమోయ్, నా కళ్ళజోడు చూశావా" అని ఇంకో గదిలోంచి. కళ్ళజోడు ఆయన నెత్తిమీదే ఉండేది. "అమ్మాయ్, కాసిన్ని మంచినీళ్ళు" అని అత్తగారు. ఒక్క బొంతకు ఏడాది పట్టేది. అప్పటి బొంత ఒకటి ఇంకా నా దగ్గరుంది. ఏ వరసలో సాక్సు కోసం లేచానో, ఏ వరసలో నీళ్ళ కోసం లేచానో వంకర చూసి చెప్పగలను.

మరి ఇప్పుడో? ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. సోఫాకు ఈ చివర మా ఆయన, ఆ చివర కాలేజీలో చదివే మా అమ్మాయి, కిటికీ పక్కన పడకకుర్చీలో అత్తగారు. మూడు తలలూ వంగి ఉంటాయి. కోడలన్నాక తల వంచుకుని ఉండాలని ఒకప్పుడు నాకు పాఠాలు చెప్పిన అత్తగారే ఈ రోజు అందరికన్నా బాగా వంచుతున్నారు. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పుల వీడియోలు చూసీ చూసీ మెడనొప్పి తెచ్చుకున్నారు. ఇప్పుడు మెడనొప్పి వీడియోలు చూస్తున్నారు.

బొంతకు గుడ్డ కావాలి కదా, అదెక్కడిది? పూర్వం పాత చొక్కా మీద కత్తెర పెడితే మా ఆయన ఆస్తి పంపకాలప్పుడు కూడా చేయనంత గొడవ చేసేవారు. పదేళ్ళుగా బొత్తాలు పట్టని చొక్కా కోసం పదిరోజులు మాట్లాడకుండా ఉన్న మనిషి. ఇప్పుడు ఎదురుగా నిలబడే అడుగుతాను.

"ఏమండీ, ఈ నీలం గళ్ళ చొక్కా కత్తిరించేయనా?"

"ఊఁ."

స్టాంపు కాగితం మీద సంతకం కూడా ఆ ఊఁ ముందు దిగదుడుపే. ఒకసారి ఒంటిమీదున్న చొక్కానే అడిగాను. అప్పుడూ ఊఁ అనే అన్నారు, విప్పి కూడా ఇచ్చారు. కిటికీ కర్టెను అడుగున జానెడు కోశాను. పై వారం ఇంకో జానెడు. ఇప్పుడది కర్టెను కాదు, కిటికీకి మొలిచిన మీసం. అత్తగారి తల దిండు మీద ఉండగానే గలీబు లాగేశాను. ఆవిడ తల ఎత్తి, లాగనిచ్చి, మళ్ళీ దించారు. చూపు మాత్రం ఫోన్ మీంచి కదల్లేదు. ఇంత సహకారం ఏ సంఘ సేవకురాలికి దొరుకుతుంది?

స్క్రాప్‌బుక్‌కు కూడా ఫోన్ చేసిన మేలు ఇంతా అంతా కాదు. పూర్వం ఫోటో తీస్తానంటే కడుపు లోపలికి బిగించి, లేని నవ్వు తెచ్చిపెట్టుకునేవారు. ఇప్పుడు ఆ దొంగవేషాలు లేవు. నాలుగేళ్ళుగా నా పుస్తకంలో ముఖాలే లేవు, అన్నీ మాడులే. మా ఆయన బట్టతల మొదటి పేజీలో బొత్తామంత, తర్వాత సాసరంత, నిరుడు పళ్ళెమంత. అమ్మాయి జుట్టు మూడు రంగులు మారింది. ముఖం ఏమైనా మారిందేమో నాకూ తెలియదు.

అన్నిటికన్నా పెద్ద ఉపకారం ఇంకోటి ఉంది. బొంతకు పైగుడ్డ, మధ్యలో దూది, కింద అస్తరు, ఈ మూడూ కలిపి చేతికుట్టు వేయాలంటే కదలని చదును కావాలి. నేల మీద కూర్చుంటే నా నడుం ఒప్పుకోదు. భోజనాల బల్ల నిండా అమ్మాయి పుస్తకాలు, అత్తగారి మందుల డబ్బాలు. రెండు మోకాళ్ళూ సమంగా పెట్టుకుని, గంటల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండే వస్తువు ఇంట్లో ఇంకేముంది? మా ఆయన!

బొంత ఆయన ఒళ్ళో పరుస్తాను. ఒక అంచు సోఫా చేతికి గుండుసూదులతో గుచ్చుతాను. పక్కన ముక్కాలిపీట వేసుకుని కుడతాను. దుకాణంలో కొన్న చట్రమైనా అప్పుడప్పుడూ ఊగుతుంది, ఈయన ఊగరు.

పోయిన ఆదివారం సంగతి చెబుతాను. సోమవారం పొద్దున ఆసుపత్రికి పన్నెండు బొంతలు అప్పజెప్పాలి. పదకొండు సిద్ధమయ్యాయి. పన్నెండోది నాది. నా చేతుల మీదుగా అంత మంచిది ఎన్నడూ రాలేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారేమో, అనండి. నీలం గళ్ళ చొక్కా ఉంది అందులో. అమ్మాయి చిన్నప్పటి పసుపు గౌను ఉంది. అత్తగారి గలీబు మీది పువ్వులున్నాయి. మా ఇల్లంతా అందులోనే ఉంది. అది గడప దాటేలోగా మా ఇంట్లో ఒక్కరు, ఏ ఒక్కరైనా సరే, దాన్ని చూసి "బాగుంది" అంటే చాలునని నాకో కోరిక. వయసు మీదపడ్డాక ఇలాంటి చిన్నపిల్ల కోరికలు ఎందుకొస్తాయో మరి.

సాయంత్రం నాలుగింటికి చివరి కుట్టు వేసి దారం కొరికాను.

"ఏమండీ, అయిపోయింది. ఇలా చూడండి."

"ఊఁ."

"ఎలా ఉంది?"

"చక్కెర తక్కువెయ్యి."

అమ్మాయిని అడిగాను. "సూపర్ అమ్మా" అంది. ఏది సూపరో నాకర్థం కాలేదు, ఎందుకంటే అది అటు తిరిగి కూర్చుంది. అత్తగారిని అడగబోయేంతలో మా ఆయన ఫోన్ కీచుమంది. చార్జింగ్ అయిపోవచ్చింది. ఇల్లు తగలబడుతున్నా లేవని మనిషి ఒక్క ఉదుటున లేచారు.

ఆయనతో పాటు నా బొంతా లేచింది.

బొంతకూ మా ఆయన ప్యాంటుకూ కలిపి కుట్టేశాను! కుడి మోకాలి మీద, బెత్తెడు మేర. మనిషన్నవాడు కాస్త కదిలి ఉంటే సూది గుచ్చుకుని తెలిసేది. కదిలితే కదా! నా కుట్టు ఊడదని మా బృందంలో పేరు. ఊడలేదు. గుండుసూదులు టపటపా రాలాయి. ఆయన బొంతను ఈడ్చుకుంటూ హాలు ఈ చివర నుంచి ఆ చివరి ప్లగ్గు దాకా వెళ్ళారు. బొంత ముక్కాలిపీటను పడగొట్టింది, బొత్తాల డబ్బాను బోర్లించింది. అమ్మాయి కాళ్ళు పైకెత్తి, బొంత వెళ్ళాక మళ్ళీ దించింది.

"కాలు బరువుగా ఉందోయ్" అన్నారు మా ఆయన ప్లగ్గు పెడుతూ. "ఈ మధ్య నడక తగ్గింది."

"దానికో వీడియో ఉందిరా నాన్నా, పంపిస్తానుండు" అన్నారు అత్తగారు.

నేను కత్తెర తీసుకుని ప్లగ్గు దగ్గర చతికిలబడ్డాను. కుట్టు విప్పితే అస్తరు చిరుగుతుంది. తెల్లారేసరికి ఇంకో అస్తరు వేయడం నావల్ల కాదు. విప్పకపోతే మా ఆయన్ని కూడా కలిపి పసిపిల్లల వార్డుకు అప్పజెప్పాలి. ఆ ఆలోచన ఒక్క క్షణం బాగానే ఉందనిపించింది. కానీ వాళ్ళు రెండు కిలోలు దాటినవాళ్ళను ఉంచుకోరట.

"కదలకండి" అన్నాను. అనవసరమైన మాట. బొంత వదిలేసి ప్యాంటే కోశాను, మోకాలి చుట్టూ, అరచేయంత.

"చల్లగాలి కొడుతోంది, ఫ్యాను తగ్గించు" అన్నారాయన.

బొంత నాకు దక్కింది. కానీ అస్తరుకు గోధుమరంగు ప్యాంటు ముక్కొకటి వేలాడుతోంది. ఏం చేయను? అంచులు మడిచి, మూడు వైపులా కుట్టేసి, నాలుగో వైపు వదిలేశాను. చిన్న జేబులా తయారైంది. ఎందుకా జేబు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ అడగలేదు.

సోమవారం మా ఆయన అదే ప్యాంటు వేసుకుని ఆఫీసుకు వెళ్ళారు. నేను బొంతల మూటతో ఆసుపత్రికి వెళ్ళాను. వార్డులో పెద్ద నర్సు బొంతలు ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి, రెండు చేతులతో తడిమి, తిరగేసి చూస్తుంది. గుండుసూది మిగిలిపోతే పసివాళ్ళకు ప్రమాదం కదా. నా బొంత తిరగేసి ఆగిపోయింది.

"ఈ జేబేంటమ్మా?"

"పాదాలు దూర్చడానికి" అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది.

ఆవిడ జేబులో రెండు వేళ్ళు పెట్టి చూసింది. "కప్పిందల్లా తన్నేస్తారమ్మా ఈ చంటివాళ్ళు. పాదాలు చల్లబడిపోతాయి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ ఆలోచన ఎవరికీ రాలేదు" అంది. ఆ తర్వాత నీలం గళ్ళ ముక్క ఎవరిది, పసుపు ముక్క ఎవరిది అని వరసగా అడిగింది. అన్నీ చెప్పాను. అడిగినదానికన్నా ఎక్కువే చెప్పి ఉంటాను. వచ్చేటప్పుడు బస్సులో నా అంతట నేనే నవ్వుకుంటుంటే పక్కావిడ సీటు మారింది.

సాయంత్రం వంటింట్లో ఉండగా నా ఫోన్ మోగింది. నాకూ ఒకటుంది లెండి. మా ఇంటి గ్రూపులో మా ఆయన సందేశం. మా ఆయన హాల్లో, నాకు ఆరడుగుల దూరంలో ఉన్నారు. ఆసుపత్రివాళ్ళు తమ పేజీలో పెట్టిన ఫోటో పంపించారు. నా బొంతే. ఒక మూల మడిచి గోధుమరంగు జేబు కనిపించేలా తీశారు. కింద మా ఆయన రాసింది ఇది:

"ఎవరో మహాతల్లి కుట్టిందట. ఎంత బాగుందో చూడు. పాదాలకు జేబు కూడా పెట్టింది, ఏం బుర్ర! నువ్వూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఇలాంటివి నేర్చుకోకూడదూ?"

దాని కింద అమ్మాయి మూడు ఎర్ర గుండెలు పెట్టింది. అత్తగారు రెండు చేతులెత్తి దండం పెట్టారు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా ఇంటి కూరకు ఆ రుచి రావాలంటే పొరుగింటి గిన్నెలో పోసి తీసుకురావాలి కాబోలు!

అయినా నా కోరిక తీరింది కదండీ? ఒక్కరు "బాగుంది" అంటే చాలనుకున్నాను. ముగ్గురూ అన్నారు. మరి గరిట పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఎందుకు ఏడ్చానో నన్నడక్కండి. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని గుమ్మంలోంచి తొంగి చూశాను. మా ఆయన ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఆ ఫోన్ కిందే, ప్యాంటు కంతలోంచి, గుండ్రంగా, తెల్లగా ఆయన మోకాలు బయటికి చూస్తోంది. ఆ ఇంట్లో నావైపు చూస్తున్నది అదొక్కటే.

"సరే, నేర్చుకుంటాను" అని జవాబు రాశాను. ఆయన బొటనవేలు ఎత్తి చూపించారు, ఫోన్‌లో.

ఆ సందేశం ప్రింటు తీయించి స్క్రాప్‌బుక్‌లో అంటించాను. పక్కన మిగిలిన గోధుమరంగు గుడ్డ పీలిక కూడా అంటించాను. ఏదో ఒకరోజు ఎవరైనా ఆ పేజీ తిప్పుతారు.

అందుకని, ఫోన్ వరమన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. పెద్ద నర్సు ఇంకో పన్నెండు అడిగింది, అన్నిటికీ జేబులు కావాలట. గుడ్డకేం కొదవలేదు. మా ఆయన ఎడమ మోకాలు ఇంకా చెక్కు చెదరకుండా ఉంది.

మీరు ఈ వ్యాసం ఫోన్‌లో చదువుతుంటే, ఇంతసేపు తల ఎత్తకుండా చదివినందుకు సంతోషం. లేచేముందు మాత్రం ఒక్కసారి మీ మోకాళ్ళకేసి చూసుకోండి. అక్కడ కూర్చుని ఎవరైనా కుడుతూ ఉండొచ్చు. ఉంటే, ఆ మనిషి ముఖం చూసి "బాగుంది" అనండి. గ్రూపులో పెట్టక్కర్లేదు.