ఇన్‌స్పెక్టరు జేబులో బంగారి

ఆ సోమవారం ఉదయానికి ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు హనుమంతరాయుడు వేసుకున్న ప్రణాళికలో ఎలుకకు తావు లేదు. నీళ్ళు కాగగానే స్నానం, ఒక పళ్ళెం ఉగ్గాని, ఇస్త్రీ ఖాకీ కోటు, ఆపైన మున్వర్ జట్కాలో హిందూపురం స్టేషనుకు ప్రయాణం. ధర్మవరం వైపు నుంచి వచ్చే పాసింజరులో జిల్లా ఆరోగ్యాధికారి ఓబులేసు గారు దిగుతారు. ఆయనను నేరుగా తన సొంత వీధికే తీసుకువచ్చి, ఇందులో వెదికినా ఒక్క ఎలుక దొరకదని చూపించాలి. దొరవారు మెచ్చితే, ఏళ్ళ తరబడి తాత్కాలికంగానే నడుస్తున్న ఉద్యోగం ఖాయమవుతుంది. మెచ్చకపోతే ఆమడగూరు బదిలీ. ఆమడగూరు మీద హనుమంతరాయుడికి ద్వేషమేమీ లేదు. అక్కడ చేలు ఎక్కువ, గాదెలు ఎక్కువ, కాబట్టి ఎలుకలూ ఎక్కువేనని మాత్రం ఆయనకు తెలుసు.

ఎలుకల నిర్మూలనే వృత్తిగా బతుకుతున్న ఈ మనిషికి ఎలుకంటే భయం. ఊరికి ఈ సంగతి తెలియదు. బోనులో పడిన ఎలుకను బంట్రోతు ఎత్తుతూ ఉంటే, ఈయన వీధికి అవతలి వైపున నిలబడి, చేతులు వెనక్కు కట్టుకుని, "ఆఁ, అట్లే, నీళ్ళలో ముంచు" అని ఆజ్ఞాపించేవాడు. ఆ దూరాన్ని జనం హోదా అనుకున్నారు. భయానికి ఖాకీ కోటు తొడిగితే హోదా అవుతుందని ఆయనకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అర్థమైంది.

అటువంటి వాని ఇంటికి బంగారి రావడానికి కారకుడు బావమరిది ఈరన్న. అతడు బెంగుళూరులో ఒక మందుల పరిశోధనశాలలో పని చేస్తున్నాడు. అక్కడ ప్రయోగాల కోసం పెంచే సీమజంతువుల్లో ఒక పిల్లను, అక్కకు పిల్లలు లేరన్న జాలితో, వలతీగ బిగించిన చెక్కపెట్టెలో పెట్టి తెచ్చాడు. దాని పేరు హామ్‌స్టర్ అన్నాడు. బంగారు రంగు బొచ్చు, నల్లపూసల్లాంటి కళ్ళు, ఉందో లేదో తెలియని తోక. నీలావతి దానికి బంగారి అని పేరు పెట్టింది. హనుమంతరాయుడు మటుకు చూసిన వెంటనే దాన్ని గుర్తుపట్టాడు.

"ఇది ఎలుకే కదా!"

"ఎలుక కాదు బావా, ఎలుక మాదిరి ఉండాది, అంతే," అన్నాడు ఈరన్న.

"మాదిరి ఉండేదాన్ని జనం ఏమంటారో తెల్సా నీకు?"

జనం అనకుండా ఉండటానికి పెట్టెకు గోనెపట్టా కప్పి, వెలుతురు తగిలితే చెడిపోయే సర్కారు మందులు ఉన్నాయని ఇరుగుపొరుగుకు చెప్పారు. పక్కింటి రామక్క నమ్మింది. ఆ మందులు రోజూ వేరుశెనగ గింజలు తినడం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు గాని, సర్కారు విషయాల్లో అర్థం కానివి చాలా ఉంటాయని ఊరుకుంది.

కొత్తగా వచ్చిన బంగారి ఆకు కదిలినా అదిరిపడేది. నీలావతి మాత్రం తమ్ముడు చెప్పిన పద్ధతిని తూచా తప్పక పాటించింది. చేయి లోపల పెట్టి కదలకుండా కూర్చోవాలి. పైనుంచి పట్టుకోరాదు, పైనుంచి వచ్చేదల్లా దాని దృష్టిలో గద్ద. అది తనంతట తాను వచ్చి వాసన చూసి, గింజ తీసుకుని, అరచేతిలోకి ఎక్కేదాకా ఓపిక పట్టాలి. కొన్నాళ్ళకు అది ఆమె చేతిలో కూర్చుని బుగ్గల సంచుల్లోకి గింజలు కుక్కుకోసాగింది. అప్పుడు ఆమె భర్త వైపు తిరిగింది.

"నేను పెనుకొండకు పుట్టింటికి పోతే దీనికి తిండి ఎవరు పెడతారు? మీరూ అలవాటు చేసుకోండి."

హనుమంతరాయుడు శాఖ వారిచ్చిన తోలు చేతొడుగులు తొడుక్కుని వచ్చాడు.

"అవి తీయండి. పామును పట్టేకి పోతాండారా?"

ఆయన తీశాడు. చేయి పెట్టాడు. చేయి వణికింది, చేయి వణికింది కాబట్టి బంగారి బెదిరింది, బెదిరింది కాబట్టి కరిచింది, కరిచింది కాబట్టి మర్నాడు చేయి ఇంకా వణికింది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలని నీలావతి ఆలోచించి, ఆయన విడిచిన చెమట బనీను చింపి బంగారికి పక్క వేసింది.

"మీ వాసన దానికి ఇల్లు అనిపించాల. ఆపైన మీ చేతికే వస్తాది."

"నా వాసన నాకే ఇల్లు అనిపించదు," అన్నాడాయన.

ఆదివారం సాయంత్రం ఆయన పెట్టెను వంటింటి నుంచి వెనక వసారాలోకి మార్చాడు. దొరవారు ఇంట్లో కాఫీ తాగుతానంటే ప్రమాదమని ఆయన భయం. మార్గశిర మాసం. ఆ చలికి వసారాలోని కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టింది.

తెల్లవారి నీలావతి గోనెపట్టా తీసి పెద్దగా ఏడ్చింది. బంగారి ముడుచుకుని ఉంది, రాయిలా చల్లగా. ఊదితే కదల్లేదు. గింజ చూపితే ముక్కు ఆడించలేదు.

"పాయెనండి! మీరు ఆడ పెట్టబట్టే పాయె!"

హనుమంతరాయుడు జీవితంలో మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చచ్చినదానికి భయపడనక్కర లేదు కనుక చేయి వణకలేదు. అది ఎంత మెత్తగా ఉందో, ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. కరిచినప్పుడు పందికొక్కంత అనిపించిన జంతువు అరచేతిలో నిమ్మకాయంత కూడా లేదు. ఆయనకు కొంచెం సిగ్గు వేసింది.

"పారేయొద్దండి, కుక్కలు పీకుతాయి," అంది నీలావతి ముక్కు తుడుచుకుంటూ. "గుంత తీసి పూడ్చి రాండి. మాట ఇయ్యండి."

మాట ఇచ్చాడు. ఇబ్బంది ఏమిటంటే, దానికి ముందే ఊరికి ఇంకో మాట ఇచ్చి ఉన్నాడు. ప్లేగు జ్ఞాపకం ఆ ప్రాంతాన్ని ఇంకా వదలలేదు. ఇంట్లో ఎలుక చచ్చి రాలితే వెనువెంటనే వీధి మొత్తం ఇళ్ళు ఖాళీ చేసి, రైలుగేటు అవతలి బయలులో గుడిసెలు వేసుకోవాలని ఆయనే టముకు వేయించాడు. మోరీలో చెత్త వేయరాదన్న టముకును గాని, బోనులు పెట్టాలన్న టముకును గాని ఊరు ఏనాడూ పాటించలేదు. కాబట్టి దీన్నీ పాటించదని ఆయన ధైర్యం.

స్నానం చేసి కోటు తొడుక్కుని, ఒక చేతిలో గడ్డపార, ఒక చేతిలో బంగారితో పెరట్లోకి వెళ్ళాడు. నాలుగు పోట్లు పొడిచాడో లేదో, గోడ మీద రామక్క తల లేచింది.

"ఏమప్పా ఇన్‌స్పెక్టరూ, కోటేసుకొని గుంత తవ్వుతాండావు?"

"కరివేపాకు నాటుదామని, రామక్కా."

"ఆ చేతిలో ఏముండాది?"

"విత్తనం."

"బొచ్చుండే విత్తనం నేను యాడా చూల్లేదప్పా."

హనుమంతరాయుడు విత్తనాన్ని కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. ఆయన ఇంకో మాట అన్నాడు: "ఎవరికీ చెప్పొద్దు." టముకు కొట్టేవాడు ఊరంతా తిరగడానికి ఒక పూట పడుతుంది. ఈ మాటకు అంత కాలం పట్టదు.

వాకిట్లో జట్కా గంట మోగింది. "సామీ, రైలుకు సిగ్నలు దించినారంట! బిరీన రాండి!" అని మున్వర్ కేక. గోడ మీది తల ఇంకా దిగలేదు. దారిలో ఎక్కడైనా పూడ్చవచ్చునని హనుమంతరాయుడు జట్కా ఎక్కాడు. దారిలో తెలిసినవాళ్ళు నమస్కారాలు పెట్టారు. స్టేషనులో బంట్రోతులు వెంట తిరిగారు. ఇంతలో పాసింజరు వచ్చింది. జేబులోని బంగారికి ఖాకీ గుడ్డ వెచ్చదనం, దాని వెనక ఇన్‌స్పెక్టరు గుండె వెచ్చదనం, అలవాటైన చెమట వాసన మెల్లగా తగలసాగాయి.

ఓబులేసు గారు భారీ మనిషి. జట్కా వెనక్కు ఒరిగింది, గుర్రం ముందుకు లేచింది, మున్వర్ "యా అల్లా" అన్నాడు. ప్రయాణం మొదలైంది.

"హనుమంతరాయా, మీ వీధి మీద నాకు చాలా ఆశ ఉండాది. పోయిన వారం ఒక ఊళ్ళో నా కాళ్ళ మీదుగానే ఎలుక పాయె. ఆ ఇన్‌స్పెక్టరును యాడికి పంపితినో తెల్సునా?"

హనుమంతరాయుడికి అడగకుండానే తెలుసు. సరిగ్గా అప్పుడే జేబులో ఏదో సర్దుకుంది. గుండె కొట్టుకోవడమేనని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. కాని గుండెకు గోళ్ళు ఉండవు.

రైలుగేటు దాటేసరికి ఎదురుగా జనం. నెత్తిన మూటలు, చంకల్లో కోళ్ళు, మంచాలు తలకిందులుగా మోస్తున్న మగవాళ్ళు, ఒక మేక, దాని వెనక తిరగలితో ఒక ముసలాయన.

"ఏమిది?" అన్నారు ఓబులేసు గారు.

"జాతర సార్."

"జాతరకు తిరగలి ఎందుకయ్యా?"

జవాబు వెదికే లోపల, నెత్తి మీద పరుపుచుట్టతో రామక్క జట్కాకు అడ్డం వచ్చింది.

"యాడికి పోతాండారు సామీ? దిగి రాండి! ఇన్‌స్పెక్టరప్ప ఇంట్లో ఎలుక రాలిండాది. ఆయప్ప టముకు ప్రకారమే వీధంతా వచ్చేసినాం. ఒక్క ఇల్లు మిగల్లే!"

ఉద్యోగంలో ఇన్నేళ్ళకు మొదటిసారి ప్రజలు తన ఆజ్ఞను అక్షరాలా పాటించినందుకు హనుమంతరాయుడు కళ్ళు మూసుకున్నాడు.

"నీ ఇంట్లోనా?" అన్నారు ఓబులేసు గారు. గొంతులో ఆమడగూరు వినిపించింది. "ఎలుక యాడ?"

"ఎలుక లేదు సార్."

"ఎందుకు లేదు? కోటు జేబులో పెట్టుకునె. నేను చూసినా కదా. కట్టె మాదిరి బిగుసుకోనుండె," అంది రామక్క.

"తియ్యి," అన్నారు దొరవారు.

జేబులో ఉన్నది ఇప్పుడు కట్టె కాదు, తిరుగుతోంది. చేయి పెడితే కరుస్తుంది. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. కరిచినప్పుడు తాను అరిస్తే, ఎలుకలకు భయపడే ఇన్‌స్పెక్టరని ఊరంతటికీ తెలుస్తుంది. హనుమంతరాయుడు జేబులోకి చేయి దించాడు. పట్టుకోలేదు. నీలావతి చెప్పినట్లు అరచేయి తెరిచి, కదలకుండా ఉంచాడు. అందరూ చూస్తున్నారు. గుర్రం కూడా ఆగి ఉంది. మీసాలు వేళ్ళకు చక్కిలిగిలి పెట్టాయి. ముక్కు ఒక్కొక్క వేలినీ పరిశీలించింది. తరువాత నాలుగు చిన్న పాదాలు, పాత బనీను మీదికి ఎక్కినంత నిబ్బరంగా, అరచేతిలోకి ఎక్కి కూర్చున్నాయి.

ఆయన చేయి బయటికి తీశాడు. ఎండలో బంగారి ముందు కాళ్ళతో మొహం కడుక్కుంది.

జట్కా ఒక్కసారిగా తేలికైంది. జిల్లా ఆరోగ్యాధికారి గారు, అంత దేహంతోనూ, కిందికి దూకి, దారి పక్కన మోరీ గోడ మీద నిలబడి ఉన్నారు. పంచె కుచ్చెళ్ళు రెండు చేతులతో పైకి పట్టుకుని ఉన్నారు. జనం ఆయనను చూడలేదు. వాళ్ళ కళ్ళన్నీ ఇన్‌స్పెక్టరు చేతి మీద ఉన్నాయి.

"సచ్చినదాన్ని బతికిచ్చినాడు!" అంది రామక్క. పరుపుచుట్ట జారి మేక మీద పడింది. "ఈ కండ్లతో చూసినా, సచ్చిండె!"

"కరవలేదు చూడప్పా! ఆయప్ప మాట ఇంటాది!" అన్నాడు తిరగలి ముసలాయన.

హనుమంతరాయుడు ఆ సమయంలో ఓబులేసు గారి కళ్ళలోకి చూశాడు. అక్కడ తనకు చిరపరిచితమైనదే కనిపించింది: వీధికి అవతలి వైపు నిలబడి "ముంచు" అని ఆజ్ఞాపించేవాడి చూపు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. శాఖ గౌరవం అటువంటి మౌనాల మీదనే నిలిచి ఉంది.

"నేను పైనుంచి పరిశీలిస్తాండా," అన్నారు ఓబులేసు గారు మోరీ గోడ మీద నుంచి. "దాన్ని జేబులో పెట్టు. గుండీ పెట్టు. ఇంకో గుండీ కూడా పెట్టు."

తరువాత వీధి తనిఖీ జరిగింది. ఎలుకలు లేవు, నీలావతి తప్ప మనుషులు లేరు, కోడిరెట్ట కూడా ఎండిపోయి ఉంది. ఇంత శుభ్రమైన వీధిని తన సర్వీసులో చూడలేదని దొరవారు అన్నారు. నీలావతి తలుపు దగ్గర నిలబడి, బంగారిని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి ఏడుపు కాదు. తిరుగు రైలు ఎక్కేటప్పుడు ఓబులేసు గారు ఇన్‌స్పెక్టరు భుజం తట్టబోయి, జేబు గుర్తుకు వచ్చి, చేయి వెనక్కు తీసుకున్నారు.

"ఎలుకను ఒట్టి చేత్తో పట్టేవాడు మన శాఖలో ఒక్కడు లేడయ్యా. ఈ పొద్దు నీ ఉద్యోగం ఖాయం చేస్తాండా."

"ధన్యుణ్ణి, సార్."

"నీలాంటి వాణ్ణి ఎలుకలు లేని వీధిలో పెట్టి వృథా చేయడం పాపం. ఆమడగూరుకు పో."

ఆ తరువాతి ఆదివారం ఈరన్న వచ్చి, జరిగినదంతా విని తల గోక్కున్నాడు. "చలెక్కువైతే అది అట్లే మొద్దునిద్ర పోతాది బావా. పొయ్యి పక్కన పెట్టింటే లేస్తుండె. చెప్పేది మరిచినా."

కథ ఊళ్ళకు బండ్ల కంటే ముందే చేరుతుంది. నీలావతితోనూ, చెక్కపెట్టెతోనూ హనుమంతరాయుడు ఆమడగూరులో దిగిన మర్నాటి ఉదయం, తలుపు తీసేసరికి, కొత్త ఇన్‌స్పెక్టరు గారి చేత తమ ఎలుకలకూ బుద్ధి చెప్పించుకుందామని వాకిలి నిండా జనం గంపలతో కూర్చుని ఉన్నారు.

గంపలన్నీ కదులుతున్నాయి.