ఆశ్రిత జనరల్ బిజినెస్

ఆ రోజు ఉదయం ఆశ్రిత వేసుకున్న పథకం చాలా చిన్నది. డిగ్రీ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. ఊళ్లో కంప్యూటరున్న ఒకే ఒక్క చోటు, మార్కండేయ కిరాణా అంగడికి పోవాలి. అనంతపురం యూనివర్సిటీలో బీబీఏను, అంటే 'బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ జనరల్' డిగ్రీని, మొదటి ఆప్షనుగా పెట్టాలి. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి.

ఆమె తండ్రి తిప్పేస్వామికి ఆ కోర్సు పేరు నోరు తిరగలేదు. కొళాయి దగ్గర పక్కింటి బయమ్మ అడిగితే, "మా పాప జనరల్ బిజినెస్‌లో చేరతాంది అక్కా" అన్నాడు గర్వంగా. ఆమె బిందె నిండేలోపు అది జనరల్ స్టోరు అయింది. వెనకున్న బిందెలు నిండేసరికి ఊరంతా తెలిసిపోయింది.

ఆశ్రిత సర్టిఫికెట్ల సంచితో మెట్టెక్కగానే మార్కండేయ పప్పు తూకం ఆపేశాడు.

"మామా, అప్లికేషన్ పెట్టల్ల. ఈ పొద్దే ఆఖరు."

"నా కంప్యూటర్లోనే పెడతావా? ఎంత ధైర్యం మే నీకు!"

"నాకు సీటు కావల్ల మామా, అంతే."

"ఇరవై ఏండ్లుగా నేను కూచున్న సీటు నీకు కావల్నా?"

ఆశ్రితకు ఏమీ అర్థం కాలేదు. "మూడేండ్లలో అయిపోతాది మామా" అంది మెల్లగా.

"మూడేండ్లలో నా అంగడి మూపిస్తావా!" మార్కండేయ కంప్యూటరు వైరు పీకి చేతికి చుట్టుకున్నాడు. "బోర్డు గూడా రాయిస్తాండారంట గదా! పా, మీ ఇంటికాడే తేల్చుకుందాం!"

అతని వెనక ఆశ్రిత, ఆమె వెనక పప్పుకోసం వచ్చినవాళ్లు నడిచారు.

ఇంటి దగ్గర, కొత్త అంగడికి బోర్డు రాయమని బయమ్మ పంపిన పెయింటరు రామాంజి గోడకు నిచ్చెన వేసుకుని ఎక్కి ఉన్నాడు. ఎవరి పేరు రాయాలని అతడడిగితే, యూనివర్సిటీలో చేరేవాళ్లకు ఇదొక ఆనవాయితీ కాబోలనుకుని, "పాపదే రాయప్పా, పెద్దగా రాయి" అన్నాడట తిప్పేస్వామి. 'ఆశ్రిత జనరల్ స్టో' అన్నంతవరకూ ఎర్రరంగు మెరుస్తోంది.

ఆశ్రితకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంజనీరింగ్ అంటే ఇంటికొచ్చి స్వీట్లు తినిపోతారు. బీబీఏ అంటే అంగడేనా? కామర్సులో మండలం ఫస్టొచ్చినా నేను. అది చదువు గాదా? యాడ చేరతావు, ఏం చదువుతావు అని ఒక్కరన్నా నన్ను అడిగినారా? నాయనా, నువ్వు గూడా అడగలేదే!"

తిప్పేస్వామి తల దించుకున్నాడు. రామాంజి నిచ్చెన దిగాడు.

"చదువా?" అన్నాడు మార్కండేయ. "ముందే చెప్పొచ్చు గదమ్మా!"

"చెప్పనిచ్చినావా మామా?"

మార్కండేయ అంగడికి పరుగెత్తాడు. వైరు తగిలిస్తే కరెంటు పోయింది. కరెంటు వస్తే సైటు తెరుచుకోలేదు. వచ్చిన గిరాకీనంతా కసిరి పంపేసి, మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా, గడువు ముగియడానికి పది నిమిషాల ముందు దరఖాస్తు పంపించాడు. రసీదు ప్రింటు తీసి ఇస్తూ, చల్లబడ్డ గొంతుతో అడిగాడు.

"ఇంతకూ ఆడ ఏం నేర్పిస్తారు పాపా?"

"వ్యాపారం ఎట్ల నడపల్ల, ఎదుటోని గిరాకీ మన దిక్కు ఎట్ల తిప్పుకోవల్ల... అన్నీ నేర్పిస్తారు మామా."

తాను కసిరి పంపేసిన గిరాకీ పోయిన దిక్కు ఒకసారి చూశాడు మార్కండేయ. తర్వాత కాగితం అందించాడు.

అంగడి తెరిచిన ఇన్నేళ్లలో ఒక మనిషిని అతడు "మళ్లీ రామ్మా" అని మర్యాదగా సాగనంపడం అదే మొదటిసారి.